లంచం అనే మాటకు మా నాన్న చెప్పిన అర్థం

పోయిన నెలలో ఇంటిపన్ను కాగితాల్లో మావారి పేరు తీయించి నా పేరు వేయించుకోవలసి వచ్చి, రాజమండ్రిలోనే ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇటువంటి పనులన్నీ ఆయనే చూసుకునేవారు కనుక, ఏ బల్ల ముందు నిలబడాలో, ఎవరిని ఏమని పిలవాలో కూడా నాకు తెలియదు. పక్కింటావిడ నా మీద జాలిపడి, ఉత్త చేతులతో వెళితే పని జరగదని, కవరులో ఏదో ఒకటి పెట్టుకుని వెళ్ళమని మరీ మరీ చెప్పి పంపింది. తీరా వెళితే అక్కడున్నది పాతికేళ్ళ అమ్మాయి. నాకు కుర్చీ చూపించి, కాగితాలు తీసుకుని, కంప్యూటరులో ఏదో కొట్టుకుని, పావుగంటలో పని ముగించి, మెట్లు జాగ్రత్తగా దిగమని చెప్పి మరీ పంపించింది.

అంతటితో ఊరుకోవచ్చు కదా. మా తరానికి ఆ ఊరుకోవడమే చేతకాదు. మర్నాడు చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి సంచీలో పెట్టుకుని వెళ్ళి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టాను. ఆమె గబుక్కున లేచి నిలబడి, "వద్దండి మేడం గారూ, ఏమీ అనుకోకండి," అంటూ పైన గోడకున్న కెమెరాను కళ్ళతోనే చూపించింది. "అది చూసేవాళ్ళకి పళ్ళని తెలీదండి. నేను చెయ్యి చాపానన్నది ఒక్కటే తెలుస్తుందండి." ఆమె వెనక గోడ మీద, లంచం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ కూడా నేరమేనని ఎర్రక్షరాల బోర్డు ఉంది. పళ్ళు మళ్ళీ సంచీలో సర్దుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ బయటపడ్డాను. ఈ వయసులో దొంగతనం చేసి పట్టుబడినంత పనైంది. దారంతా ఆ అమ్మాయి మీద కోపం, ఇల్లు చేరేసరికి అది కాస్తా నా మీదకే తిరిగింది.

హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. కోపం వచ్చినా కష్టం వచ్చినా నిఘంటువు తీసి కూర్చోవడం నాకు అలవాటు, మావారు దాన్ని జబ్బు అనేవారు. ఆ సాయంత్రం కూడా అదే పని చేశాను. లంచం అనేది అసలు మన మాట కాదేమోనని, ఎవరో పైనుంచి వచ్చినవాళ్ళు తెచ్చి మన నెత్తిన రుద్ది ఉంటారని నాకు చిన్నప్పటినుంచీ ఒక ఆశ ఉండేది. అదేమీ లేదు. సంస్కృతంలో లంచా అని ఉంది, కన్నడంవాళ్ళు లంచ అంటారు, తమిళులదీ దాదాపు మన మాటే, మరాఠీవాళ్ళు దాన్ని కాస్త నలగ్గొట్టి లాచ్ చేసుకున్నారు. అంటే గోదావరి పుట్టినచోటి నుంచి సముద్రంలో కలిసేచోటి దాకా అందరికీ ఈ మాట అవసరం పడిందన్నమాట. పాతవాళ్ళు ఉత్కోచమన్నారు, పరిదానమన్నారు. ఆమిషం అనే మాటకైతే మాంసమనీ, ఎర అనీ, లంచమనీ మూడర్థాలూ రాశారు, రాసినాయన చేపలు పట్టే రేవులో కాసేపు కూర్చుని ఉంటాడని నా అనుమానం. మామూలు అన్నది కచేరీల వెంట వచ్చిన అరబ్బీ మాట, వాడుకగా జరుగుతూ వస్తున్నది అని దాని అసలు అర్థం, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. ముడుపు సంగతి మరీ అన్యాయం. పసుపు గుడ్డలో కట్టి దేవుడి ముందు పెట్టే మొక్కు అది, ఇవాళ పేపర్లో ఆ మాట కనిపించిందంటే ఎవరో జైలుకు వెళుతున్నారని తెలుసుకోవాలి. సహవాసం చెడితే మనుషులకే కాదు, మాటలకు కూడా పేరు పోతుంది.

ఇవన్నీ చదువుకుంటూ కూర్చుంటే, ఏ నిఘంటువులోనూ లేని అర్థం ఒకటి జ్ఞాపకానికి వచ్చింది. అది మా నాన్న చెప్పినది. నలుగురిలో నిలబడి, ఒక అధికారి అడిగిన ప్రశ్నకు జవాబుగా చెప్పారు. అది చెప్పినందుకు ఆయన పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు.

నాన్న కాలువ మీద లస్కరు. ఈ మాట మీలో పొలాలున్నవాళ్ళకు తెలిసే ఉంటుంది, లేనివాళ్ళ కోసం చెబుతున్నాను. ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన పెద్ద కాలువ చీలికలు చీలికలై మా ఊరి పక్కకు వచ్చేసరికి చిన్న పంట కాలువ అయ్యేది. దాని మీద ఒక ఆరు మైళ్ళ గట్టూ, పదకొండు తూములూ నాన్న చేతి కింద ఉండేవి. ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు, పాత సైకిలు, నడుముకు తూము తాళాల గుత్తి, ఇదీ ఆయన వేషం. ఏ తూము ఎన్ని అంగుళాలు ఎత్తాలో, చేలకు పోయే ఏ బోదెలోకి ఎన్ని గంటలు నీళ్ళు వదలాలో ఆఫీసు చెప్పేది, ఎత్తేదీ దించేదీ నాన్న. మేముండే రెండు గదుల పెంకుటిల్లు కూడా కాలువ గట్టు మీద ఆఫీసువాళ్ళు ఇచ్చినదే. నీళ్ళు పారుతుంటే ఇల్లంతా ఒక సన్నటి చప్పుడు ఉండేది, వేసవిలో కాలువ కట్టేసిన రోజున ఆ చప్పుడు లేక మాకు నిద్ర పట్టేది కాదు.

జీతం చాలీచాలనిది. మమ్మల్ని బతికించినది మేర. తొలి పంట సార్వా కోతలై నూర్పిళ్ళు మొదలయ్యాక ప్రతి కళ్ళంలోనూ ధాన్యం కొలిచేవారు. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అని, ఆ తరవాత రెండు, మూడు అని పాడుతూ కొలిచేవారు, ఆ పాట గట్టు మీదకు వినిపించేది. కొలత అయిపోయాక ఆ ఏడాదంతా చేనుకు పనికొచ్చిన వాళ్ళకు, కర్రు సాగదీసిన కమ్మరికి, నాగలి చెక్కిన వడ్రంగికి, ఎవరి మేర వాళ్ళకు తీసి ఇచ్చేవారు. లస్కరుకు ఎకరానికి కుంచెడు. అడగనక్కరలేదు, చాటుగా పుచ్చుకోనక్కరా లేదు. అందరి ఎదుటా పేరు పెట్టి పిలిచి గోనెలో పోసేవారు. గాలివాన వచ్చి పంట పడిపోయిన ఏడాది గింజ వచ్చేది కాదు, అలాగని మరుసటి ఏడు నాన్న ఎవరికీ నీళ్ళు తగ్గించలేదు. ఏడాదిలో ఏడు నెలలు మా పొయ్యి మీద ఉడికింది ఆ గింజలే. అమ్మ బియ్యం చేటలో పోసుకుని రాళ్ళేరుతూ, ఇవి ఎవరి కళ్ళంలోవో రంగు చూసి చెప్పేది, నేను నమ్మేదాన్ని.

నాకు పదిహేడో ఏడు వచ్చినప్పటి మాట ఇది. స్కూలు ఫైనలు పాసై, ఓరియంటల్ కాలేజీలో చేరడానికి ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఊళ్ళో ఎవరికి ఉత్తరం రాయాలన్నా, అర్జీ పెట్టాలన్నా నా దగ్గరకే వచ్చేవారు. నాకేమో అప్పుడు గ్రాంథికం మీద మహా మోజు. అరువిచ్చిన నాగలి తిరిగి పంపమని రాయమంటే, ఆ రెండు ముక్కలకీ పేజీన్నర నింపేదాన్ని, చదివి వినిపిస్తే రాయించుకున్నవాళ్ళకే అర్థమయ్యేది కాదు, అర్థం కానందుకు మరింత మర్యాదగా చూసేవారు.

ఆ ఏడు రెండో పంట దాళ్వాకు గోదావరిలో నీళ్ళు తగ్గాయి. వంతులు పెట్టారు. మూడు రోజులు ఎగువ తూములకూ, మూడు రోజులు శివారుకూ. శివారంటే కాలువ చిట్టచివరి పొలాలు, ఎగువవాళ్ళు తాగగా మిగిలితేనే వాటికి చుక్క. ఆ రోజుల్లోనే కొత్త ఇంజనీరు గారు వచ్చారు. మెట్ట ప్రాంతం మనిషి, కుర్రవాడు, ఎవరింట్లోనూ కాఫీ చుక్క ముట్టడని, తనిఖీకి వస్తే తాగే నీళ్ళు కూడా సీసాలో తెచ్చుకుంటాడని చెప్పుకునేవారు. మా వాళ్ళకు అది మర్యాద తెలియకపోవడంలాగే కనిపించింది.

ఒకరోజు ధవళేశ్వరం ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం చేరింది. ఫలానా లస్కరు రైతుల దగ్గర ధాన్యం గుంజుతున్నాడని, ఎగువవాళ్ళ దగ్గర లంచం తిని శివారు వంతులో వాళ్ళకు నీళ్ళు వదిలాడని. నాలుగు రోజుల్లో నాన్నను సస్పెండు చేశారు. తాళాల గుత్తి ఇచ్చేసి వచ్చిన మధ్యాహ్నం నాన్న గుమ్మంలో కూర్చుని, అలవాటుకొద్దీ చెయ్యి నడుము దగ్గరకు పోనిచ్చి, అక్కడేమీ లేక ఒళ్ళో పెట్టుకోవడం నేను చూశాను. విచారణలో తప్పని తేలితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు ఇల్లూ పోతుంది, నా కాలేజీ సంగతి ఇక చెప్పనక్కరలేదు. ఉత్తరంలో ఉన్నది అబద్ధమని నాన్న ఒక్కసారీ అనకపోవడం నాకు వింతగా తోచింది గానీ, అవమానంతో నోరు మెదపలేదనుకున్నాను.

ఊరు మాత్రం మెదిపింది. నాన్న విచారణ కాగితాల పని మీద ధవళేశ్వరం వెళ్ళిన రోజు చూసి, పదిమంది రైతులు గట్టు మీదకు వచ్చారు. అందరికీ పెద్ద, నేను బాబాయి గారూ అని పిలిచే ఆయన, మా చూరు కింద మంచం మీద కూర్చుని, "ఏమ్మా, మీ నాన్న ఎలాటోడో ఆ ఇంజనీరు గారికి తెలిసేలాగ ఒక కాగితం రాసిపెట్టు. నీకున్న తెలుగంతా పెట్టు. మేమందరం సంతకాలు పెడతాం," అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ కాగితంతోనే నాన్నను ఒడ్డున పడేస్తానని నమ్మాను.

రాశాను. నాలుగు పేజీలు. మా లస్కరు గారు ధర్మమూర్తి అనీ, ఆయన యందు మాకు గల గౌరవమును పురస్కరించుకొని, ఏటేటా ప్రతి కళ్ళము నందును, ఎకరము ఒక్కింటికి కుంచెడు చొప్పున, ఎవరి బలవంతమును లేకయే, సంతోషపూర్వకముగా ధాన్యము సమర్పించుకొనుచున్నామనీ, ఇకముందు కూడ ఇట్లే సమర్పించుకొనగలవారమనీ రాశాను. చదివి వినిపిస్తే బాబాయి గారి కళ్ళు చెమర్చాయి. నలభై మంది సంతకాలో వేలిముద్రలో వేశారు. ఇచ్చినట్టు ఒప్పుకున్న కాగితం మీద ఇచ్చినవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి, ఎకరానికి ఎంతో కూడా రాసి, పుచ్చుకున్నవాడి కూతురు స్వహస్తాలతో పంపిందని మాలో ఒక్కరికీ తట్టలేదు. మాకది దాచుకునే సంగతైతే కదా తట్టడానికి.

విచారణ కాలువ లాకుల దగ్గర ఆఫీసు బంగళాలో పెట్టారు. పదిగంటలకే ఊరు ఊరంతా అక్కడ చేరింది. ఇంజనీరు గారు వరండాలో బల్ల వేయించుకుని, నా కాగితం తీసి, మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. ఆయన గొంతులో అది వింటుంటే, ధాన్యం మాట వచ్చింది. అప్పుడు తెలిసింది నేనేం రాశానో. చదవడం అయ్యాక ఆయన అందరి వైపూ చూసి, ఇది మీరు రాసిచ్చిందేనా అని అడిగితే, బాబాయి గారు ఎంతో ఉత్సాహంగా మేమేనండి అన్నారు. పైగా కుంచమంటే ఎంతో మెట్టవాళ్ళకు తెలియదేమోనని ఇంటినుంచి ఇత్తడి కుంచం తెచ్చి బల్ల మీద పెట్టారు, చూడండి ఇంతేనండి అని. ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు గారు కూడా నవ్వలేదు, ఆ కుంచాన్ని కాస్త పక్కకు జరిపారు.

తరవాత కాగితం రాసిందెవరని అడిగారు. నేను లేచాను. నన్ను ఎగాదిగా చూసి, "చాలా బాగా రాశావమ్మా. చదువు మానకు," అన్నారు. ఎకసెక్కం ఏమీ లేదు ఆ మాటలో, మనసారా అన్నారు. అందుకే మరింత ఏడుపొచ్చింది. ఆ తరవాత పరీక్షల్లో నాకు ఎన్ని మార్కులొచ్చినా, ఎవరు మెచ్చుకున్నా, ఆ మెప్పు గుర్తొచ్చి సంతోషం సగమైపోయేది.

అప్పుడు నాన్నను పిలిచారు. ఖాకీ వేసుకోకూడదు కనుక పంచె కట్టుకుని వచ్చారు, ఆ వేషంలో ఆయన నాకు ఎవరో చుట్టంలా కనిపించారు. గింజల సంగతి అడిగారు. "నిజమేనండి," అన్నారు నాన్న. "ఇరవై ఏళ్ళ నించీ పుచ్చుకుంటున్నానండి. నీళ్ళు పారి, పంట కోసి, నూర్చాక ఇచ్చిన గింజలండి అవి. వాటి కోసం నేను తూము ఎత్తిందీ లేదు, దించిందీ లేదండి." ఇంజనీరు గారు అది రాసుకున్నారు. రాసుకుంటూనే, అయితే శివారు వంతులో ఎగువకు నీళ్ళు వదిలావన్నది అబద్ధమేనా అని అడిగారు.

అవునండి అంటే సరిపోయేది. చూసినవాళ్ళు లేరు. చూసినా మా ఊళ్ళో ఎవరూ చెప్పరు. అందరం ఆయన నోటివంకే చూస్తున్నాం. నాన్న ఒక నిమిషం కాలువకేసి చూసి, "అది కూడా నిజమేనండి," అన్నారు.

"ఆ రోజు మధ్యాహ్నం మా అక్కగారింట్లో అన్నం తిన్నానండి. ఆవిడ నన్ను నీళ్ళు అడగలేదండి. చేను నెర్రెలిచ్చిందిరా అంది, అంతేనండి. తిని చెయ్యి కడుక్కుని, తిన్నగా వెళ్ళి మూడో తూము ఎత్తానండి. రెండు గంటలు వదిలాను. శివారోళ్ళ నీళ్ళండి అవి. లంచం తిన్నావా అని అడుగుతున్నారు కదండి. ఆ పూట తిన్న అన్నం లంచమేనండి. తినేటప్పుడు తెలీలేదు, తూము ఎత్తేటప్పుడు తెలిసిందండి."

అక్కగారంటే మా మేనత్త. మామయ్య పోయాక ఎకరంన్నర చేను మీద ఒక్కర్తీ బతుకుతున్న మనిషి, చేను మూడో తూము కింద, ఇల్లు ఆ పక్కనే. తన వంతు నాడు జ్వరంతో మంచం పట్టి, చేను గట్టు తెగిన సంగతి చూసుకోలేక నీళ్ళు పోగొట్టుకుంది. గింజ పాలుపోసుకునే వేళ, చేను ఎండిపోతోంది. నాన్న చేసిన దానికి ఆ ఊళ్ళో ఎవరూ తప్పుపట్టరు. అయినా అప్పుడే శివారులో రెండెకరాలు కౌలుకు చేసుకునే ముసలాయన, నా కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళలో ఒకడు, లేచి నిలబడ్డాడు. "ఆ ఉత్తరం నేనే రాయించానండి," అన్నాడు. "నీళ్ళ మాటే చెప్పానండి. గింజల మాట రాసినాయన కలిపాడండి, గట్టిగా ఉంటుందని. గింజలు నేనూ ఇచ్చేవాణ్ణేనండి." రాసేవాళ్ళు అటువైపూ ఇటువైపూ ఒకలాగే ఉన్నామన్నమాట. నాన్న ఆయన దగ్గరకు వెళ్ళి, నీ చేను ఎంత పోయిందని అడిగారు. సగం పోయిందన్నాడు. నాన్న తలొంచుకున్నారు.

ఉద్యోగం పోలేదు. నిజం తనంత తాను చెప్పాడని కాబోలు, ఒక ఇంక్రిమెంటు కోసి, గోదావరి అవతల పెనుగొండ వైపు ఒక కాలువకు బదిలీ చేశారు. లస్కర్లెవరూ కళ్ళాల్లో ధాన్యం పుచ్చుకోకూడదని మాత్రం అన్ని సెక్షన్లకూ కాగితం వెళ్ళింది. ఆ ఇంజనీరు గారిని మా ఊరు చాలా ఏళ్ళు తిట్టుకుంది. నేను మాత్రం పెద్దదాన్నయ్యాక ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. ఏది ప్రేమతో ఇచ్చినదో, ఏది భయంతో ఇచ్చినదో ప్రతి కళ్ళం దగ్గరా నిలబడి తేల్చడం ఏ అధికారి తరం.

అయితే అసలు దెబ్బ బంగళాలో తగలలేదు, ఆ సాయంత్రం మా ఇంట్లో తగిలింది. అత్తయ్య వచ్చింది. ఏడవలేదు. గుమ్మం బయటే నిలబడి, "నేను పెట్టిన అన్నానికి ఊరందరి ముందూ ఆ పేరు పెట్టావా తమ్ముడూ," అంది. నాన్న లేచి నిలబడ్డారు. అత్తయ్యకు పదేళ్ళున్నప్పుడే వాళ్ళమ్మ పోతే, నాన్నను చంకనేసుకుని పెంచింది ఆవిడే. ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి అది. అమ్మ లోపలికి రమ్మని ఎంత బతిమాలినా రాకుండా, గట్టు వెంట నడిచి వెళ్ళిపోయింది.

ఆనాటినుంచి నాన్న అత్తయ్య ఇంట్లో అన్నం తినలేదు. రాకపోకలు మానలేదు. రేవు దాటి, రెండు బస్సులు మారి, ఏడాదికి నాలుగుసార్లైనా వచ్చేవారు. చేను గట్లు వేయించేవారు, పండక్కి చీర పెట్టేవారు, జబ్బు చేస్తే పక్కనే కూర్చునేవారు. భోజనం వేళకు మాత్రం పని ఉందని లేచేవారు. తన చేతిలో తూము తాళాలున్నన్నాళ్ళూ ఏ రైతింట్లోనూ తినకూడదని ఆయన పెట్టుకున్న నియమం, అక్క కూడా రైతే కదా. అత్తయ్య కూడా పంతం మనిషే, తిని వెళ్ళమని ఒక్కనాడూ అనలేదు. కానీ తమ్ముడు వస్తాడని తెలిసిన రోజున ఆవిడ రెండు సోలల బియ్యం ఎక్కువ పోసేది. అది నేను కళ్ళారా చూశాను, ఆ అన్నం సాయంత్రం పశువుల కుడితిలో కలపడమూ చూశాను. ఆ ఇద్దరికీ సర్దిచెప్పాలని నేనొకసారి నోరు విప్పితే, ముందు నాన్నే కసిరారు. మాటలతో ఒకసారి చేసిన సాయం చాలదా అనలేదు గానీ, నాకు అలాగే వినిపించింది.

పెనుగొండ వైపు కాలువ మీద మొదటి నూర్పిళ్ళప్పుడు రైతులు అలవాటు ప్రకారం నాన్నను కళ్ళంలోకి పిలిచారు. వద్దంటే, పొగరనుకున్నారు. రెండు మూడేళ్ళకు పిలవడం మానేశారు. మా ఇంట్లో కొనుక్కున్న బియ్యం వండటం అప్పుడే మొదలైంది, అమ్మ చేటలో రాళ్ళేరుతూ ఇక ఎవరి పేరూ చెప్పేది కాదు. మిగతా లస్కర్ల సంగతి నేను చూసినది కాదు, విన్నది చెబుతున్నాను. గింజలు పోయి నోట్లు వచ్చాయట, నూర్చాక ఇచ్చేది పోయి నీళ్ళకు ముందే ఇచ్చేది వచ్చిందట. తిన్నవాళ్ళందరినీ చెడ్డవాళ్ళనలేను. ఏడు నెలల తిండి ఒక్క కాగితంతో తీసేసి, జీతం మాత్రం అలాగే ఉంచారు.

పద్నాలుగేళ్ళకు నాన్న రిటైరయ్యారు. నేను అప్పటికి టీచర్నై ఆరేళ్ళు. ఆయన్ని తీసుకురావడానికి నేనే వెళ్ళాను. ఖాకీ బట్టలు మడతపెట్టి, తాళాలు ఒప్పజెప్పి, దండ వేయించుకుని, నాతోపాటు బస్సెక్కారు. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బస్సులు వచ్చేశాయి అప్పటికి. నేరుగా మా ఇంటికి రాకుండా, మా పాత ఊరి దగ్గరే బస్సు దిగి, ఎండలో గట్టు పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. ఎక్కడికని నేను అడగలేదు. అత్తయ్య గుమ్మం ముందు చెప్పులు విడిచి, పన్నెండున్నర వేళ, "అక్కా, ఆకలేస్తోంది. అన్నం పెట్టు. నా దగ్గర ఇంక ఏ తూమూ లేదు," అన్నారు.

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన్ని కాసేపు చూసింది. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, చూపు సరిగా ఆనేది కాదు. లోపలికి వెళ్ళి ఆకు వేసింది. వంకాయ కూర, చారు, మాగాయ, అంతే ఆ పూట. అన్నం వడ్డిస్తూ, "ఇది ఏ పేరు కింద రాసుకోవాలో చెప్పి తినరా మరి," అంది. పద్నాలుగేళ్ళ తరవాత నాన్న నవ్వడం విన్నాను. "రాయకక్కా, పెట్టు," అన్నారు. మూడుసార్లు మారు వడ్డించుకున్నారు. చూపు ఆనక అత్తయ్య వంచిన నెయ్యి ఆకు మీద సగం, నేల మీద సగం పడింది, ఎవరూ తుడవలేదు.

ఇప్పుడు ఆ కాలువ మీద లస్కరు లేడని, తూముల తలుపులు ఎవరికి కావలసినప్పుడు వాళ్ళే గునపంతో ఎత్తుకుంటున్నారని విన్నాను. శివారు చేలు సగానికి సగం చేపల చెరువులైపోయాయి. కళ్ళాలూ లేవు, యంత్రం చేలోనే కోసి నూర్చి లారీలోకి పోసేస్తుంది, పేరు పెట్టి పిలిచి కుంచెడు పోయడానికి అక్కడ నిలబడే చోటే లేదు. లంచాలు మా రోజుల్లోకన్నా పెరిగాయో తగ్గాయో నాకు తెలియదు. ఆనాడూ పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకున్నారు, ఈనాడూ నిక్కచ్చిగా ఉండేవాళ్ళు ఉన్నారు. ఒక పూట అన్నం తన చేతిని కదిలించిందని తనంత తానే గమనించుకుని, తోడబుట్టినదాని ఇంట్లో కూడా ఆకు ముందు కూర్చోకుండా పద్నాలుగేళ్ళు గడిపిన మనిషిని మాత్రం నేను మళ్ళీ చూడలేదు. లంచం అనే మాటకు ఆయన చెప్పిన అర్థమే సరైనదని నాకు తెలుసు, తెలుగు చెప్పినన్నాళ్ళూ అంతకన్నా మంచి అర్థం నాకు దొరకలేదు. అయినా ఆ రోజుల్ని తలుచుకున్నప్పుడల్లా నాన్న పక్కన నిలబడలేకపోతున్నాను. వస్తాడని తెలిసి రెండు సోలలు ఎక్కువ పోసి, తినడని తెలిసి నోరు విప్పి అడగని అత్తయ్యే కళ్ళ ముందుకు వస్తుంది, ఆవిడ కోసం ఇప్పటికీ ఏడుపొస్తుంది.